రైతు సంఘాలలో సమాచార సాంకేతికత: వ్యాపార ఫలితాలతో అనుసంధానం

రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు నేడు ఎరువుల పంపిణీకి, పంట రుణాలకు మాత్రమే పరిమితమైన సంస్థలు కావు. సభ్యుల పంటను కొనడం, నిల్వ చేయడం, శుద్ధి చేయడం, దూరప్రాంత కొనుగోలుదారులకు అమ్మడం వంటి వ్యాపార కార్యకలాపాలను అవి చేపడుతున్నాయి. 2020లో కేంద్ర ప్రభుత్వం 6,865 కోట్ల రూపాయల అంచనా వ్యయంతో 10,000 కొత్త రైతు ఉత్పత్తిదారుల సంఘాలను ఏర్పాటు చేసే పథకాన్ని ప్రారంభించింది. 2022 జూన్‌లో దేశవ్యాప్తంగా 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల కంప్యూటరీకరణకు 2,516 కోట్ల రూపాయలతో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఈ రెండు నిర్ణయాల ఫలితంగా గ్రామస్థాయి సంఘాల కార్యాలయాలలోకి కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్లు, మొబైల్ యాప్‌లు వేగంగా ప్రవేశిస్తున్నాయి.

అయితే ఏ సంఘమైనా తనను తాను వేసుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఈ సాంకేతికత వచ్చిన తరువాత సభ్యరైతు చేతికి ఎంత సొమ్ము అదనంగా, ఎన్ని రోజులు ముందుగా చేరింది? దీనికి అంకెలలో సమాధానం చెప్పలేని సంఘంలో కంప్యూటర్ ఖర్చుగానే మిగులుతుంది. సమాధానం చెప్పగలిగిన సంఘంలో అది పెట్టుబడి అవుతుంది. సాంకేతికతను వ్యాపార ఫలితాలతో ఎలా అనుసంధానించాలో, అందుకు సంఘ పాలకవర్గం ఏ లెక్కలు వేసుకోవాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అనుసంధానం అంటే ఏమిటి?

కంప్యూటర్ల వినియోగం విస్తృతంగా పెరిగినప్పటికీ ఉత్పాదకత గణాంకాలలో దాని ప్రభావం కనిపించడం లేదని 1987లో అమెరికా ఆర్థిక శాస్త్రవేత్త రాబర్ట్ సోలో ఎత్తిచూపాడు. ఆ తరువాతి పరిశోధనలు దీనికి ఒక ముఖ్య కారణాన్ని గుర్తించాయి. పనిచేసే పద్ధతి, బాధ్యతల పంపకం, సిబ్బంది నైపుణ్యం మారకుండా యంత్రం మాత్రమే మారితే ఫలితం రాదు. పాత పద్ధతి మీద కొత్త యంత్రాన్ని పెడితే పాత ఆలస్యమే కొత్త రూపంలో కొనసాగుతుంది.

1993లో హెండర్సన్, వెంకట్రామన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ విషయాన్ని ఒక నమూనాగా రూపొందించారు. దాని ప్రకారం ప్రతి సంస్థలో నాలుగు అంశాలు ఒకదానితో ఒకటి పొంతన కలిగి ఉండాలి. అవి వ్యాపార వ్యూహం, సాంకేతిక వ్యూహం, సంస్థ నిర్మాణం మరియు పని పద్ధతులు, సాంకేతిక సదుపాయాలు మరియు వాటి నిర్వహణ. వీటిని రైతు సంఘానికి అన్వయిస్తే విషయం సులభంగా బోధపడుతుంది. సంఘం ఏ పంటను ఎవరికి అమ్మదలచింది అన్నది వ్యాపార వ్యూహం. అందుకు ఏ సమాచారం ఎవరికి ఎప్పుడు అందాలి అన్నది సాంకేతిక వ్యూహం. కాటా దగ్గర ఎవరు ఉంటారు, చీటీ ఎవరు రాస్తారు, చెల్లింపుపై ఎవరు సంతకం చేస్తారు అన్నది పని పద్ధతి. కంప్యూటర్, ఇంటర్నెట్, విద్యుత్తు, మరమ్మతు ఏర్పాటు సదుపాయాల కిందకు వస్తాయి. సాధారణంగా సంఘాలు నాలుగవ అంశంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతున్నాయి. మొదలుపెట్టవలసినది మొదటి అంశంతో.

ఫలితం కనిపించిన సందర్భాలు

కేరళ మత్స్యకారుల అనుభవం దీనికి చక్కని ఉదాహరణ. 1997 నుంచి ఉత్తర కేరళ తీరంలో మొబైల్ ఫోన్ సేవలు దశలవారీగా అందుబాటులోకి వచ్చాయి. అంతకుముందు ఒక రేవులో చేపలు మిగిలిపోయి పారవేయవలసి వస్తుంటే, కొద్ది దూరంలోని మరో రేవులో కొనేవారికి చేపలు దొరికేవి కావు. రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఫోన్లు వచ్చిన తరువాత రేవుల మధ్య ధరల వ్యత్యాసం బాగా తగ్గింది. అంతకుముందు పట్టిన చేపలలో 5 నుంచి 8 శాతం వృథా అయ్యేది, ఆ వృథా దాదాపుగా నిలిచిపోయింది. మత్స్యకారుల లాభం సుమారు 8 శాతం పెరగగా, వినియోగదారుడు చెల్లించే ధర సుమారు 4 శాతం తగ్గింది. ఇక్కడ గమనించవలసిన అంశం ఏమంటే, సమాచారం అందిన వ్యక్తి చేతిలోనే నిర్ణయం కూడా ఉంది. ధర తెలిసిన వెంటనే పడవను మరో రేవుకు మళ్ళించే అధికారం, అవకాశం అతనికి ఉన్నాయి. ధర తెలిసినా పంటను మరోచోటికి తరలించలేని రైతుకు అదే సమాచారం అంత మేలు చేయలేదు.

రెండవ ఉదాహరణ మధ్యప్రదేశ్‌లో 2000లో ఐ.టి.సి. సంస్థ ప్రారంభించిన ఈ-చౌపాల్. సోయాచిక్కుడు సేకరణ వ్యయాన్ని తగ్గించుకోవడం, నాణ్యమైన సరుకును నేరుగా పొందడం ఆ సంస్థ వ్యాపార లక్ష్యాలు. అందుకోసం గ్రామంలో ఒక రైతు ఇంట కంప్యూటర్ ఏర్పాటు చేసి ధరలు ముందుగానే తెలియజేసింది. సంస్థ అంతటితో ఆగలేదు. గ్రామంలోనే నమూనా చూసి ధర చెప్పడం, సేకరణ కేంద్రంలో ఎలక్ట్రానిక్ కాటాపై తూచడం, సొమ్ము వెంటనే చెల్లించడం వంటి మార్పులు కూడా చేసింది. ఈ కేంద్రాలు వచ్చిన ప్రాంతాల మండీలలో సోయా ధర సగటున 1 నుంచి 3 శాతం పెరిగిందని 2010లో వెలువడిన అపరాజితా గోయల్ అధ్యయనం తెలిపింది. సంస్థకు అమ్మని రైతుకు కూడా పోటీ వల్ల కొంత ప్రయోజనం కలిగిందన్నమాట.

మూడవది గుజరాత్ పాల సహకార సంఘాల అనుభవం. పాలు పోసిన మహిళ కళ్ళెదుటే తూకం, వెన్న శాతం యంత్రంపై నమోదై, అప్పటికప్పుడే ధరతో కూడిన చీటీ చేతికి అందే ఏర్పాటు అక్కడి గ్రామ సంఘాలలో విస్తరించింది. వెన్న శాతాన్ని బట్టి ధర చెల్లించడం అనే నియమం ఆ సంఘాలలో యంత్రానికి ముందే ఉంది. యంత్రం ఆ నియమాన్ని వేగంగా, అందరికీ కనిపించేలా అమలు చేసింది. నియమం స్పష్టంగా ఉన్నచోట సాంకేతికత దానికి బలాన్ని చేకూరుస్తుంది.

ఒక దశ లోపిస్తే

జాతీయ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైంది. మన రాష్ట్రాలలో నిజామాబాద్, దుగ్గిరాల పసుపు మార్కెట్లు ఇందులో చేరాయి. ఈ విధానంలో పంట మార్కెట్ ద్వారం వద్ద నమోదై లాటు సంఖ్య పొందడం, నాణ్యత పరీక్ష, ఎలక్ట్రానిక్ వేలం, తూకం, బిల్లు, చెల్లింపు అనే దశలు వరుసగా జరగాలి. ఎక్కువమంది కొనుగోలుదారులు పోటీపడి రైతుకు మెరుగైన ధర రావడం ఆశించిన ఫలితం.

ఈ దశలలో నాణ్యత పరీక్ష జరగలేదనుకొందాం. సాంగ్లీలోనో, ఈరోడ్‌లోనో కూర్చున్న వ్యాపారికి కంప్యూటర్ తెరపై లాటు సంఖ్య, బరువు కనిపిస్తాయి. కానీ ఆ పసుపు కొమ్ములలో తేమ ఎంత, కుర్కుమిన్ ఎంత, కాయ ఎంత కలిసింది అన్నది తెలియదు. చూడని సరుకుకు అతడు ధర వేయడు, వేసినా నష్టభయాన్ని తగ్గించుకొని తక్కువ వేస్తాడు. అప్పుడు వేలంలో యార్డుకు వచ్చి సరుకును చేతితో పట్టి చూసిన స్థానిక వ్యాపారులే మిగులుతారు. వేలం ఎలక్ట్రానిక్‌గానే జరిగినా పోటీ పెరగదు. ఆశించిన ఫలితం ఏ దశపై ఆధారపడి ఉందో గుర్తించి, ఆ దశకు కావలసిన పరికరాలు, శిక్షణ పొందిన సిబ్బంది ఉన్నారో లేదో ముందుగా చూసుకోవాలని ఇది తెలియజేస్తుంది.

ఒక సంఘం లెక్క

పై సూత్రాన్ని ఒక ఊహాత్మక సంఘానికి అన్వయించి చూద్దాం. ఆ సంఘం ఒక సీజనులో సభ్యుల నుంచి 1,000 క్వింటాళ్ళ మొక్కజొన్న సేకరించింది. లెక్క సౌలభ్యం కోసం క్వింటాలు ధర 2,000 రూపాయలు అనుకొంటే మొత్తం విలువ 20 లక్షల రూపాయలు. తూకం అయిన రోజు నుంచి రైతు ఖాతాలో సొమ్ము పడే వరకు 21 రోజులు పడుతోంది. సభ్యుల ప్రధాన ఫిర్యాదు ఇదే. పాలకవర్గం సంవత్సరానికి 30,000 రూపాయల ఖర్చుతో ఒక సాఫ్ట్‌వేర్ తీసుకోవాలని ఆలోచిస్తోంది.

ముందుగా 21 రోజులు ఎక్కడెక్కడ గడుస్తున్నాయో విడదీయాలి.

1. తూకం చీటీలు కార్యాలయానికి చేరి రైతువారీ లెక్క తేలడానికి: 5 రోజులు
2. తేమ, నాణ్యత కోతలపై తగాదాలు పరిష్కారం కావడానికి: 3 రోజులు
3. కొనుగోలుదారు నుంచి సంఘానికి సొమ్ము రావడానికి: 10 రోజులు
4. పాలకవర్గ సంతకాలు, బ్యాంకు జాబితా తయారీకి: 3 రోజులు

సాఫ్ట్‌వేర్ వల్ల మొదటి దశ 5 నుంచి 1 రోజుకు, నాలుగవ దశ 3 నుంచి 1 రోజుకు తగ్గవచ్చు. అంటే ఆదా 6 రోజులు. రెండవ దశ సాఫ్ట్‌వేర్‌తో తగ్గదు. కాటా దగ్గరే రైతు ఎదుట తేమ కొలిచే మీటరుతో పరీక్షించి, 14 శాతం పరిమితికి మించిన తేమపై ఎంత కోత పడుతుందో చీటీపైనే రాసి ఇస్తే 3 రోజుల తగాదా 1 రోజుకు తగ్గవచ్చు. మూడవ దశకు సాఫ్ట్‌వేర్‌తోను, మీటరుతోను సంబంధం లేదు. అది కొనుగోలుదారుతో చేసుకొనే ఒప్పందంలోని షరతు.

ఇప్పుడు ఈ రోజులను రూపాయలలోకి మార్చాలి. సొమ్ము ఆలస్యమైనప్పుడు రైతు గ్రామంలో నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకొంటాడనుకొందాం. 20 లక్షలపై నెల వడ్డీ 40,000 రూపాయలు. సాఫ్ట్‌వేర్ మాత్రమే తెస్తే 6 రోజుల ఆదా విలువ 8,000 రూపాయలు. తేమ మీటరును కూడా కలిపితే 8 రోజులకు సుమారు 10,700 రూపాయలు. వీటికి తోడు ఒప్పందంలో చెల్లింపు గడువును 10 నుంచి 5 రోజులకు తగ్గించగలిగితే మొత్తం 13 రోజులకు సుమారు 17,300 రూపాయలు.

దీనినే మరో విధంగా చూడవచ్చు. 30,000 రూపాయల ఖర్చుకు సమానమైన ప్రయోజనం సభ్యులకు కలగాలంటే సంఘం ఎంత వ్యాపారం చేయాలి? సాఫ్ట్‌వేర్ ఒక్కటే అయితే సంవత్సరానికి 75 లక్షలు. తేమ పరీక్ష కూడా కలిస్తే 56.25 లక్షలు. చెల్లింపు గడువు కూడా తగ్గితే సుమారు 34.6 లక్షలు. మీటరు కొనుగోలు ధరను ఈ లెక్కలో చేర్చలేదు, సంఘం దానిని విడిగా చూసుకోవాలి. ఒప్పందంలో చేర్చే ఒక షరతుకు సాంకేతిక వ్యయం ఏమీ లేదు. అయినా సాఫ్ట్‌వేర్ గిట్టుబాటు కావడానికి అవసరమైన వ్యాపార పరిమాణాన్ని అది గణనీయంగా తగ్గిస్తోంది. సాంకేతికత విలువను దాని చుట్టూ ఉన్న నిర్ణయాలు ఎంతగా నిర్దేశిస్తాయో ఈ లెక్క వల్ల స్పష్టమవుతుంది.

ఇందులో మరొక చిక్కు కూడా ఉంది. వడ్డీ ఆదా రైతుకు చేరుతుంది, ఖర్చు సంఘం భరిస్తుంది. సంఘానికి నూటికి ఒక రూపాయి కమీషన్ వస్తే 20 లక్షల వ్యాపారంపై ఆదాయం 20,000 రూపాయలే. 30,000 రూపాయల సాఫ్ట్‌వేర్‌ను అది మోయలేదు. 10,000 సంఘాల పథకం కింద నిర్వహణ వ్యయానికి ఒక్కో సంఘానికి 3 సంవత్సరాలలో గరిష్ఠంగా 18 లక్షల రూపాయల సహాయం అందుతుంది. ఆ కాలంలో ఈ లోటు పైకి కనిపించదు. సహాయం ఆగిన నాలుగవ సంవత్సరంలోనే అసలు పరీక్ష ఎదురవుతుంది. అందువల్ల త్వరిత చెల్లింపు వల్ల సంఘంపై నమ్మకం పెరిగి, దళారీకి అమ్ముతున్న సభ్యులు పంటను సంఘానికి తెస్తున్నారా లేదా అన్నది తప్పనిసరిగా కొలవాలి. వ్యాపార పరిమాణం పెరిగితేనే ఖర్చుకు తగిన ఆదాయం సంఘానికి తిరిగి వస్తుంది. అలా పెరిగే అవకాశం లేని చిన్న సంఘం విడిగా సాఫ్ట్‌వేర్ కొనకుండా, నాలుగైదు సంఘాలతో కలిసి ఉమ్మడిగా తీసుకోవడం లేదా సాధారణ ఎక్సెల్ పట్టికతో రైతువారీ లెక్క నిర్వహించడం మేలు.

ఆచరణ క్రమం

1. ఫలితాన్ని ఒక వాక్యంలో రాసుకోవాలి. "కంప్యూటరీకరణ పూర్తి చేయడం" ఫలితం కాదు. "వచ్చే ఖరీఫ్ సేకరణలో తూకం నుంచి చెల్లింపు వరకు వ్యవధిని 21 రోజుల నుంచి 13 రోజులకు తగ్గించడం" ఫలితం. ఒక సంవత్సరానికి రెండు లేదా మూడు ఫలితాలకు మించి పెట్టుకోరాదు.

2. ప్రస్తుత స్థితిని కొలవాలి. కొనుగోలుకు ముందు కనీసం ఒక సీజను వివరాలను పాత రిజిస్టర్ల నుంచి తీయాలి. ఇది లేకపోతే తరువాత వచ్చిన మార్పును నిరూపించడం సాధ్యం కాదు.

3. ఆలస్యాన్ని లేదా నష్టాన్ని దశలవారీగా విడదీయాలి. ఏ దశ సాంకేతికతతో తగ్గుతుంది, ఏది నియమం మార్చితే తగ్గుతుంది, ఏది బయటివారితో ఒప్పందం వల్ల తగ్గుతుంది అని మూడు భాగాలుగా గుర్తించాలి.

4. ముందుగా ఖర్చులేని మార్పులు చేయాలి. ఒకే సమాచారాన్ని రెండు రిజిస్టర్లలో రాయడం, అవసరం లేని సంతకాలు, వారానికి ఒకసారి మాత్రమే బ్యాంకుకు వెళ్ళడం వంటివి తొలగించాలి. లేనట్లయితే ఈ లోపాలన్నీ సాఫ్ట్‌వేర్‌లోకి కూడా ప్రవేశిస్తాయి.

5. ప్రతి ఫలితానికి ఒక బాధ్యుడిని నియమించాలి. ఆ వ్యక్తి కంప్యూటర్ ఆపరేటర్ కాకూడదు. చెల్లింపు వ్యవధికి కార్యనిర్వహణాధికారి, ఎరువుల నిల్వకు గోదాము బాధ్యుడు జవాబుదారీగా ఉండాలి.

6. ఒక పంటతో, ఒక సేకరణ కేంద్రంతో ప్రయోగాత్మకంగా ప్రారంభించాలి. ఫలితం సరిచూసుకొన్న తరువాతే విస్తరించాలి. ఆ కాలంలో పాత రిజిస్టరును సమాంతరంగా నడిపి, రెండు లెక్కలూ సరిపోలిన తరువాత పాతదాన్ని తప్పనిసరిగా నిలిపివేయాలి. రెండింటినీ నిరవధికంగా కొనసాగిస్తే సిబ్బంది శ్రమ రెట్టింపవుతుంది.

కొలవదగిన సూచికలు

పాలకవర్గ సమావేశంలో ప్రతి నెలా చర్చించడానికి ఈ క్రింది ఐదు సూచికలు సరిపోతాయి.

- తూకం నుంచి చెల్లింపు వరకు సగటు రోజులు, అత్యధిక రోజులు
- సభ్యుల మొత్తం అమ్మకంలో సంఘానికి వచ్చిన వాటా
- గోదాములో 60 రోజులకు మించి కదలని ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల విలువ
- తూకం, నాణ్యతపై వచ్చిన ఫిర్యాదుల సంఖ్య, పరిష్కారానికి పట్టిన రోజులు
- క్వింటాలుకు సంఘం చేసిన సేకరణ ఖర్చు

సగటుతోపాటు అత్యధిక రోజులను కూడా చూడడం అవసరం. సగటు 10 రోజులున్న సంఘంలో కూడా కొందరు చిన్నరైతులు 40 రోజులు వేచి ఉండవచ్చు. ఎంతమంది యాప్ వాడుతున్నారు, ఎన్ని పేజీలు నమోదయ్యాయి వంటివి వినియోగ సూచికలే గాని ఫలిత సూచికలు కావు. వాటితో పాలకవర్గం తృప్తిపడరాదు.

జాగ్రత్తలు

సాఫ్ట్‌వేర్ ఒప్పందం చేసుకొనేటప్పుడు సభ్యుల వివరాలు, లావాదేవీల సమాచారం సంఘానికే చెందుతాయని స్పష్టంగా రాయించుకోవాలి. సరఫరాదారును మార్చవలసి వస్తే సమాచారం మొత్తం సాధారణ పట్టికల రూపంలో తిరిగి ఇచ్చే షరతు ఉండాలి. రైతుల ఆధార్, బ్యాంకు ఖాతా, భూమి వివరాలను వారి అనుమతి లేకుండా ఇతర వ్యాపార సంస్థలకు ఇవ్వరాదు. విద్యుత్తు, ఇంటర్నెట్ లేని సమయంలో కూడా తూకం నమోదు ఆగకుండా ఉండే ఏర్పాటు కావాలి. సేకరణ రోజులలో కాటా ఆగితే ఎడ్ల బండ్లు, ట్రాక్టర్లు మళ్ళీ దళారీ దుకాణం వైపే సాగుతాయి.

స్మార్ట్‌ఫోన్ లేని సభ్యులను, కౌలురైతులను కొత్త విధానం దూరం చేయరాదు. భూమి పట్టా సంఖ్య లేనిదే నమోదు కాని సాఫ్ట్‌వేర్ తెచ్చుకొంటే, పంట పండించిన కౌలురైతు పేరుకు బదులు భూయజమాని పేరు లెక్కల్లోకి వస్తుంది. సాంకేతిక నిర్ణయంగా కనిపించే ఈ విషయం నిజానికి సొమ్ము ఎవరికి చేరాలన్న నిర్ణయం. దానిని సరఫరాదారుకు వదలకుండా సర్వసభ్య సమావేశంలో చర్చించాలి.

ముగింపు

రైతు సంఘంలో సాంకేతికత విలువను రైతు ఎదురుచూసే రోజులు, గోదాములో నిలిచిన సరుకు, సంఘానికి వచ్చే పంట వాటా అనే మూడు అంశాలలో వచ్చిన మార్పే నిర్ధారిస్తుంది. కావున కొనుగోలుకు ముందు పాలకవర్గం తన వ్యాపారంలోని ఒక నష్టాన్ని గుర్తించి, దానిని కొలిచి, దశలుగా విడదీసి, ఏ దశకు యంత్రం అవసరమో తేల్చుకోవాలి. ఈ పనికి పాత రిజిస్టర్లు, ఒక కాగితం, ఒక పూట సమావేశం చాలు. ఆ కాగితంపై రాసుకొన్న ఫలితాన్నే సీజను చివర సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించే సంఘం తాను వెచ్చించిన ప్రతి రూపాయికీ సభ్యులకు సమాధానం చెప్పగలుగుతుంది.